డిపో గోడ మీద ఇరవై నలుగురం

ఆ వేసవిలో నేను కుట్టి ఇవ్వాల్సిన బట్టలన్నీ ఆలస్యమయ్యాయి. అయినా ఒక్కరూ నన్ను తిట్టలేదు. తిట్టాల్సినవాళ్ళంతా నాతోపాటే డిపో గోడ దగ్గర మోచేతుల దాకా రంగు పూసుకుని ఉన్నారు మరి.

మా పేటకు ఒక పేరుంది గానీ అది కాగితాల మీదే. ఎక్కడుంటారని నగరంలో ఎవరైనా అడిగితే 'బస్సు డిపో వెనక' అని చెప్పేవాళ్ళం. 'ఓహో' అనేవారు. ఆ ఓహో తర్వాత ఇంకో ప్రశ్న ఉండేది కాదు. రోడ్డు పొడవునా డిపో గోడ, తొంభై ఆరు అడుగులు. దాని మీద నాచు, చిరిగిన పోస్టర్లు. మగవాళ్ళకు ఆ గోడ కనబడితే చాలు, ఎక్కడలేని తొందరా ముంచుకొచ్చేది. ఆడవాళ్ళం ముక్కు మూసుకుని రోడ్డుకు అవతలి పక్కన నడిచేవాళ్ళం.

ఆ గోడకు బొమ్మలు వేయాలని పురపాలక ఆఫీసువాళ్ళకు ఎందుకు తోచిందో నాకు తెలియదు. ఒకరోజు పొద్దున్నే భుజానికి సంచీ, చేతిలో నోట్‌బుక్కుతో ఒక అమ్మాయి దిగింది. ఇరవై అయిదేళ్ళుంటాయేమో. గోడ కొలిచి, ఎండకు కమిలిపోయిన మొహంతో వచ్చి నా కుట్టు కొట్టు ముందు నిలబడి మంచినీళ్ళు అడిగింది.

"పువ్వులూ పక్షులూ వెయ్యమన్నారు పిన్నీ," అంది గ్లాసు దించి. "కానీ పొద్దున ఆరున్నరకి మీవాళ్ళంతా బస్సు కోసం వరసగా నడిచొస్తుంటే చూశాను. ఆ మనుషుల్నే వేస్తే ఎలా ఉంటుందంటారు?"

నేను నోరు తెరిచేలోపే లోపలినుంచి మా అత్తయ్య గొంతు వినబడింది. ఆవిడకు ఎనభై దాటాయి. కళ్ళు మందగించాయి గానీ చెవులు మాత్రం పక్కవీధి దాకా పనిచేస్తాయి.

"వెయ్యి తల్లీ, వెయ్యి. నన్ను మాత్రం కూర్చోబెట్టి వెయ్యి. బతుకంతా నిలబడే ఉన్నాను, బొమ్మలో అయినా కాస్త కూర్చోనీ."

అంతే, సాయంత్రానికి పేటంతా పాకింది. మర్నాటినుంచి నా కొట్టు ముందు జనం. రంగుల అమ్మాయి కాగితాలు నా దగ్గరే పెట్టుకుంది కాబట్టి నేనేదో పెద్ద అధికారినైపోయాను. బస్సు డ్రైవరు అంత ఎండలోనూ ఇస్త్రీ యూనిఫాం గుండీలన్నీ పెట్టుకుని వచ్చాడు.

"నన్ను ఎడమవైపు నుంచి వెయ్యమ్మా," అన్నాడు. "కుడివైపు నుంచి చూస్తే మా మావగారిలా ఉంటానట. రోడ్డు మీద ఆయన్ని ఎవరు భరిస్తారు?"

నర్సు డ్యూటీ దిగి సరాసరి అటే వచ్చి కుర్చీలో కూర్చునే నిద్రపోయింది. "అలాగే వెయ్యి, అబద్ధం ఉండదు," అన్నారు అందరూ. అమ్మాయి మాత్రం కళ్ళు తెరిపించి, చేతిలో మందుల సంచీతో నిలబెట్టింది. ఇస్త్రీ చేసేవాళ్ళు, పాలమనిషి, బస్సులు కడిగే ఇద్దరు అక్కచెల్లెళ్ళు, సైకిళ్ళు బాగుచేసే తాత. అందరినీ కలిపి ఇరవై నలుగురు తేలారు. ఒక్కొక్కరికి నాలుగడుగులు. లెక్క సరిగ్గా సరిపోయింది.

ఇరవై మూడోదాన్ని నేను, మెడలో టేపు వేసుకుని. ఇరవై నాలుగో మనిషి సంగతి అమ్మాయికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ మనిషి మా ఆయన.

మా ఆయన బోర్డులు రాసేవాడు. ఇరవై రెండేళ్ళు ఈ పేటలో ఏ కొట్టు తెరిచినా దాని మీద పేరు ఆయన చేత్తోనే పడింది. తర్వాత అచ్చు వేసిన బోర్డులొచ్చాయి. పొద్దున చెబితే మధ్యాహ్నానికి వచ్చేస్తాయి, ఇంతేసి ఫోటోలతో సహా. ఏడేళ్ళ కింద ఒకరోజు ఆయన బ్రష్షులన్నీ కడిగి, పాత చొక్కాలో చుట్టి అటక మీద పెట్టేశాడు. గోదాము గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడు. తిట్టలేదు, ఏడవలేదు. కానీ ఆ రోజునుంచి వీధిలో నడిచేటప్పుడు తల ఎత్తడం మానేశాడు. ఎత్తితే బోర్డులు కనబడతాయి కదా! ఏడేళ్ళుగా నేల చూపులు చూసే మనిషితో కాపురం చేయడం ఎంత కష్టమో ఎవరికి చెప్పుకోను? మాట్లాడితే బదులిస్తాడు, పెడితే తింటాడు, అంతే.

ఆ అమ్మాయి వచ్చిన మూడో రోజున పేటంతా తిరిగొచ్చి, "పిన్నీ, మంగలి కొట్టు బోర్డూ, సైకిల్ కొట్టు బోర్డూ, మీ బోర్డూ ఒకే చెయ్యి. ఎవరిది?" అని అడిగింది. ఏడేళ్ళలో అలా అడిగిన మొదటి మనిషి.  చెప్పాను.

"అయితే ఆయన్ని చివర్లో నిలబెడదాం. చేతిలో బ్రష్షుతో."

"ఆయనకి మాత్రం చెప్పకు," అన్నాను. "తెలిస్తే వద్దంటాడు."

గోడ మీద తనను తాను చూసుకుంటే అయినా ఆ మనిషి తల ఎత్తుతాడని నా ఆశ. ఆ వేసవిలో నాకు అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

*

అమ్మాయి నేరుగా గోడ మీదే గీస్తానంది. అక్కడ నా నోటి దురద ఆగలేదు. "అలా కాదు. ముందు పెద్ద ఖాకీ కాగితం మీద గియ్యి. గీతల వెంట చిల్లులు పొడవాలి. కాగితాన్ని గోడకి అంటించి, బొగ్గు పొడి మూటతో తడితే చిల్లుల్లోంచి పొడి దిగి గోడ మీద గీత పడుతుంది," అని చెప్పాను.

"మీకెలా తెలుసు?"

ఎలా తెలుసంటే, పెళ్ళయిన కొత్తలో మా ఆయన సూదితో చిల్లులు పొడుస్తూ రోజంతా కూర్చునేవాడు. అది చూడలేక, గుడ్డ మీద గుర్తులు వేసే నా చిన్న పళ్ళ చక్రం తెచ్చి గీతల వెంట సర్రున తిప్పాను. రోజు పని గంటలో అయిపోయింది. ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పెళ్ళిలో కూడా అలా చూడలేదు.

అలా నా కత్తెరకూ చక్రానికీ కొత్త ఉద్యోగం దొరికింది. అమ్మాయి "నాలుగడుగుల వెడల్పు పిన్నీ" అంటే ఇరవై నాలుగు కాగితాలు కత్తిరించాను. ఆమె గీసేది, నేను చక్రం తిప్పేదాన్ని, డ్రైవరు బొగ్గు మూట తట్టేవాడు. అంతకుముందే పేటంతా కలిసి గోడను గీకి, కడిగి, సున్నం కొట్టారు. నాలుగడుగులకొక గుర్తు చొప్పున అమ్మాయి సుద్దతో గీసుకుంటే, డ్రైవరు ఉత్సాహం పట్టలేక మర్నాడు తెల్లవారకముందే రెండో పూత కొట్టేశాడు. గుర్తులన్నీ మాయం.

"పోనీలెండి, కాగితం పక్కన కాగితం అంటించుకుంటూ పోదాం. కాగితమే కొలత," అంది అమ్మాయి. అదే కొంప ముంచుతుందని అప్పుడు ఎవరికీ తోచలేదు.

పేటలో ఈ సంబరానికి కలవని మనిషి ఒక్కడే, రిటైరైన గుమాస్తా గారు. ఊరంతా ఒక దారి అయితే ఆయనది ఇంకో దారి. డిపో గోడ ఎక్కడ ఆగుతుందో అక్కడే ఆయన ప్రహరీ మొదలై మా సందులోకి మలుపు తిరుగుతుంది. దాని మీద మా ఆయన ఎప్పుడో రాసిన 'ఇక్కడ చెత్త వేయరాదు' అన్న ఎర్ర అక్షరాలు వెలిసిపోయి ఉంటాయి. ఆ అక్షరాల కిందే అందరూ చెత్త వేస్తారు.

"నా గోడ మీద ఒక్క సున్నం చుక్క పడినా అర్జీ పెడతాను," అని మొదటి రోజే చేతికర్ర ఆడించి చెప్పాడు.

"మీ గోడ ఎవరికి కావాలండీ?" అన్నాను నేను. నాకు మాట ఆపుకోవడం చేతకాదు.

పని మొదలయ్యాక ఎవరికీ కాలు ఒకచోట నిలవలేదు. పొద్దున గోడకు నీడ ఉన్నంతసేపూ రంగులు, ఎండ ఎక్కాక ఎవరి పనులు వాళ్ళవి. సాయంత్రం మళ్ళీ గోడ దగ్గరే. అత్తయ్య బొమ్మ పూర్తయిన రోజున ఆవిణ్ణి కుర్చీలో మోసుకొచ్చాం. దగ్గరగా వంగి చూసుకుంది, చేత్తో తడిమింది.

"బాగానే ఉన్నాను," అంది. "మెడలో గొలుసు ఇంకాస్త లావుగా వెయ్యమను. రంగేగా, దానికేం పోయింది?"

జనం రోడ్డుకు ఇటువైపే నడవడం మొదలుపెట్టారు. అటు రాబోయిన తొందరగాళ్ళు గోడ మీదినుంచి అత్తయ్య తమనే చూస్తుంటే వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. నాకు రాత్రి పడుకున్నా రంగులే కనబడేవి. ఒళ్ళు అలిసిపోయేది గానీ తెల్లారుతుందా లేదా అని తొందర. పదహారేళ్ళప్పుడు కూడా నేనంత ఉరకలేసి ఎరగను.

ఆరో బొమ్మ అయిన రోజున భోజనం దగ్గర మా ఆయన ఉన్నట్టుండి అన్నాడు.

"గోడ చాలదే."

"ఏమిటీ?"

"చాలదు. ఆరుగురికి పట్టిన చోటు చూశాను."

రోజూ తల వంచుకుని పోయే మనిషి ఎప్పుడు చూశాడని నేను అడగొచ్చు. ఆ ఆలోచనే రాలేదు నాకు. ఒళ్ళు మండిపోయింది.

"మీ నోట ఒక్క మంచిమాట రాదా? అందరూ సంతోషంగా ఉంటే అపశకునం మాట మీదే!"

ఆయన తిని లేచి వెళ్ళిపోయాడు.

*

ఆదివారం పొద్దున మొదటి బస్సు బయటికి వచ్చేటప్పటికి గోడ పూర్తి కావాలని మా పంతం. గురువారానికి ఇరవై రెండు బొమ్మలు అయ్యాయి. నా వంతు వచ్చింది. అందరూ చప్పట్లు కొడుతుంటే నా కాగితాన్ని నేనే పట్టుకుని గోడకు ఆనించాను. సగం గోడ మీద ఆనింది. మిగతా సగం మూల దాటి గాలిలో వేలాడింది.

చప్పట్లు ఆగిపోయాయి.

అమ్మాయి టేపు తీసి కాగితాన్ని కొలిచింది. నాలుగడుగుల మీద నాలుగు వేళ్ళు. ఇంకో కాగితం కొలిచింది. అదీ అంతే. నా వంక చూసింది. నేను నా చేతుల వంక చూసుకున్నాను.

"కుట్టుకి వదిలాను," అన్నాను.

"ఏంటి పిన్నీ?"

"అటు రెండు వేళ్ళు, ఇటు రెండు వేళ్ళు. కుట్టుకి వదలకుండా ఎలా కత్తిరిస్తారు?"

"కాగితానికి కుట్టేమిటి పిన్నీ!"

ముప్ఫై ఏళ్ళుగా నా చెయ్యి ఏదీ చెప్పిన కొలతకు కోయలేదు. కోస్తే కుట్టేసరికి బిగుతైపోతుంది. చేతికి గుడ్డేదో కాగితమేదో ఎలా తెలుస్తుంది? మనిషికి నాలుగు వేళ్ళ చొప్పున పోగై పోగై ఆరడుగులు పైన పడ్డాయి.

డ్రైవరు కాగితం కేసి చూసి, "సగమే పట్టావన్నమాట. అర్ధాంగి అంటే నువ్వేనమ్మా," అన్నాడు. గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక నర్సు అంది, "ఎలాగోలా నిన్ను ఆ మూలలో ఇరికిద్దాం అక్కా. చివరిది వదిలేస్తే సరిపోతుంది. ఇంతకీ ఆ చివరిది ఎవరిది?"

అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె ఎవరి పేరూ చెప్పలేదు. నేను ఇరవై నాలుగో కాగితాన్ని చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. ఆయన్ని నా కత్తెరతో నేనే గోడ మీదినుంచి కత్తిరించేశాను. ఆ దారంతా నాకు ఇంకో ఆలోచన లేదు.

సాయంత్రం ఆయన వచ్చేసరికి ఆ చుట్ట గుమ్మం పక్కన ఉంది. చెప్పులు విప్పుతూ దాని వంక చూశాడు. వేలితో అంచు తడిమి చిల్లులు గుర్తుపట్టాడు.

"నీ చక్రమేనా?"

నేను జవాబు చెప్పేలోపే నేల మీద పరిచాడు. నిలువెత్తు కాగితం. దాని మీద తనే, చేతిలో బ్రష్షుతో.

"మిమ్మల్నే," అన్నాను. "చివర్న మిమ్మల్ని వెయ్యాలని అనుకున్నాం. నేనే చెడగొట్టాను. మీరు చెప్పినా వినలేదు." అక్కడితో ఏడుపొచ్చేసింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాడు. అత్తయ్య కూడా కర్ర పట్టుకుని వచ్చి నిలబడింది.

"బ్రష్షు ఇలా పట్టుకోరు," అన్నాడు చివరికి.

"ఆఁ?"

"చిటికెన వేలు గోడకి ఆనాలి. లేకపోతే గీత వణుకుతుంది. పాపం ఆ పిల్లకి తెలియదు." నా మిషను మీదినుంచి సుద్దముక్క తీసుకుని, కాగితం మీద చెయ్యి దిద్దాడు. నాలుగు గీతలు, అంతే. బొమ్మలోని చెయ్యికి ప్రాణం వచ్చింది.

"ఒరేయ్, ఆ చేత్తోనే ముక్కు కూడా దిద్దు," అంది అత్తయ్య. "మన వంశంలో ఎవరికీ అంత చిన్న ముక్కు లేదు."

ఆయన ముక్కు కూడా దిద్దాడు. తర్వాత స్టూలు తెచ్చుకుని అటకెక్కాడు. పాత చొక్కా మూట దించి, గట్టిపడిన బ్రష్షుల్ని ఒక్కొక్కటే గిన్నెలో నానేశాడు. నేను వెళ్ళి పొయ్యి వెలిగించాను.  ఇల్లంతా టర్పెంటైన్ వాసన. తలనొప్పి తెప్పించే ఆ వాసనకు నేనెంత మొహం వాచి ఉన్నానో అప్పుడు తెలిసింది.

*

శుక్రవారం పనికి సెలవు పెట్టి నేరుగా గుమాస్తా గారి గేటు దగ్గరికి వెళ్ళాడు. వెనక నేను, రంగుల అమ్మాయి, మా వెనక సగం పేట. గుమాస్తా గారు కర్ర తీసుకునే బయటికొచ్చాడు.

"మూల తిరిగాక మీ గోడ మీద ఆరడుగులు కావాలండీ," అన్నాడు మా ఆయన.

"ఇవ్వను. సున్నం కొట్టేస్తారు."

"సున్నం కొడితే గోడకి మంచిదేగా?"

"గోడకి మంచిదే. ఆ అక్షరాలో?" కర్రతో వెలిసిపోయిన ఎర్ర రాతను చూపించాడు. "పద్నాలుగేళ్ళుగా ఈ పేటలో నా తరఫున మాట్లాడేవి అవొక్కటే. ఎవరూ వినరనుకో. అయినా అలాంటి రాత ఇప్పుడెవరు రాస్తున్నారయ్యా? చూడు ఆ వంపు. రోజూ పొద్దున ఇక్కడ నిలబడి చూసుకుంటాను. చెరపనివ్వను, అంతే."

 మా ఆయన గోడ కేసి తిరిగి నిలబడ్డాడు. ఆయన వీపు మాత్రమే నాకు కనిపిస్తోంది.

"అవి నేనే రాశానండీ."

"తెలుసయ్యా. తెలియకేం? ఏడేళ్ళుగా దీని ముందునుంచే తల దించుకుని పోతున్నావు, పలకరిద్దామంటే."

మా ఆయన ఆ ఎర్ర రాత మీద చెయ్యి వేశాడు. "చెరపను," అన్నాడు. "దాని పక్కనే నిలబడతాను."

గుమాస్తా గారు కర్రను చంకలో పెట్టుకుని గేటు బార్లా తెరిచాడు. లోపలినుంచి స్టూలు తెచ్చి తనే వేశాడు. అన్నేళ్ళలో ఆయన గేటు అంతలా తెరుచుకోవడం నేను చూడలేదు.

రెండు రోజులు చేతులు ఎవరివి ఎవరివో తెలియలేదు. నాలో సగం రోడ్డు మీద, సగం సందులో. నా టేపు మాత్రం తెగకుండా మూల తిరిగి ఆయన భుజం దాకా పాకింది. అది ఆయన ఆలోచనే. తన బొమ్మను తను వేసుకోనన్నాడు. "నువ్వే వెయ్యమ్మా, రాత నేను చూసుకుంటా," అని వెలిసిన అక్షరాలను మళ్ళీ దిద్దడానికి ఎర్ర రంగు కలుపుకున్నాడు. మొదటి అక్షరం మీద బ్రష్షు పెట్టేటప్పుడు చెయ్యి వణికింది.  ఆయన చిటికెన వేలు గోడకు ఆనించి, ఒక క్షణం ఆగి, లాగాడు. గీత సూటిగా వచ్చింది.

ఆదివారం మొదటి బస్సు మా డ్రైవరుదే. గోడ పొడవునా నడకకన్నా నెమ్మదిగా పోనిచ్చి, తన బొమ్మ దగ్గర పూర్తిగా ఆపేసి హారన్ కొట్టాడు. కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి. "ఇదేం పేట?" అని ఎవరో గట్టిగా అడిగారు. మేమంతా ఒక్కసారే పేటకు ఉన్న అసలు పేరు అరిచి చెప్పాం. పిచ్చిదానిలా నేనే అందరికన్నా గట్టిగా అరిచాను.

పొద్దున్నుంచీ జనం వస్తూనే ఉన్నారు. బస్టాపు దగ్గర మొదలుపెట్టి, మనిషి తర్వాత మనిషిని చూసుకుంటూ, నా టేపు పట్టుకుని మూల తిరిగేవాళ్ళు. బయటివాళ్ళు ఎవరూ ఎప్పుడూ తొంగి చూడని మా సందులోకి. అక్కడ మా ఆయన బొమ్మ గోడకు చిటికెన వేలు ఆనించి రాస్తూ ఉండేది. అంత ఘనమైన ఊరేగింపూ చివరికి 'ఇక్కడ చెత్త వేయరాదు' దగ్గర ముగిసేసరికి పగలబడి నవ్వేవాళ్ళు. చెత్త మాత్రం ఎవరూ వేయలేదు. గుమాస్తా గారు కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళకల్లా అక్షరాల వంపు చూపించాడు.

"చూశారా నా కోడలి కత్తెర చలవ," అని అత్తయ్య ఒకటే గొప్పలు. "కుట్టుకి వదలకపోతే మా సందు ఎవడు చూసేవాడు?"

మధ్యాహ్నం ఎండకు జనం పలచబడ్డాక నేను దగ్గరికి వెళ్ళి చూశాను. చివరి అక్షరానికి అంచు గీతే ఉంది. లోపల కొత్త ఎరుపు లేదు.

"ఏవండీ, చివరిది మర్చిపోయారు."

"మర్చిపోలేదు." బొమ్మలోని మనిషిని గడ్డంతో చూపించాడు. "వాడు ఇంకా రాస్తున్నాడుగా. అయిపోయిందంటే ఇంటికి పొమ్మంటారు."

చేతులు కడుక్కుని ఇద్దరం ఇంటికి బయల్దేరాం. మామూలుగా అది అయిదు నిమిషాల నడక. మంగలి కొట్టు ముందు ఆయన ఆగాడు. తల ఎత్తి, బోర్డు మొత్తం చదివాడు. సైకిల్ కొట్టు ముందు ఆగాడు, రంగు లేచిపోయిన చోటు చూసి నాలుక చప్పరించాడు. పేటలో ఆయన రాసినవి ఇంకా తొమ్మిది మిగిలి ఉన్నాయి. ఆకలితో నా కడుపు నకనకలాడుతున్నా తొందరపెట్టలేదు. తొమ్మిదీ చదివి ఇంటికి చేరేసరికి మూడు దాటింది.